మామిడి తొక్క – పశువు పొట్ట

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, టెస్టర్ల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో మా అంశాన్ని “పండ్ల ఫ్యాక్టరీల ఉపపదార్థములు – జీర్ణకోశ ఆరోగ్యము” అని అచ్చువేశారు. పేరు పెద్దదే గాని విషయం మీకు తెలిసినదే. ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టరు ట్రాక్టరుగా బయటికి వచ్చే మామిడి తొక్క, దాన్ని మన పశువులకు వేయవచ్చునా, వేస్తే ఎంత వేయాలి, ఇంతే. ముందుగా ఒక మనవి. మేము పశువైద్యులము కాము. సహకార డిప్లొమా పుచ్చుకొని, లెక్కల పుస్తకాలూ తీర్మానాల పుస్తకాలూ తనిఖీ చేసే ఉద్యోగంలో తల నెరిసినవారము. అయినా ఈ విషయం మాకే అప్పగించడానికి కారణముంది. పశువు పొట్టలో పుట్టిన తగాదా నడిచి నడిచి సంఘం కార్యాలయానికే వస్తుంది, అక్కడి నుండి అర్జీ రూపంలో మా బల్ల మీదికి వస్తుంది.

అటువంటి అర్జీ ఒకటి చెబుతాము. ఊరి పేరు అక్కరలేదు. మామిడి తోటల మధ్య ఉన్న సంఘం. సభ్యులలో ఎక్కువ మందికి సంకరజాతి ఆవులు, కొందరికి ఎనుములు. జూన్ నెలలో పదిహేను మంది సంతకాలతో ఫిర్యాదు వచ్చింది. టెస్టరు వెన్న తగ్గించి రాస్తున్నాడు, నాలుగుకు పైన పలికే ఆవుపాలు మూడు దాటడం లేదు, మిగిలిన వెన్న ఎవరి ఇంటికి పోతున్నదో విచారించి అతన్ని తొలగించవలెను అని దాని సారాంశం. టెస్టరు ముప్పై ఏళ్ళు నిండని కుర్రవాడు. మేము వెళ్ళేసరికే రెండు రోజులుగా ఇంటి నుండి బయటికి రావడం లేదు.

మేము మొదట రిజిస్టరు తీశాము. ఆ సంఘానికి రెండు పల్లెల పాలు వస్తాయి. యంత్రం ఒకటే, టెస్టరు ఒకడే, పూట ఒకటే. రోడ్డు మీది పల్లెవారికి వెన్న పడిపోయింది. వాగుకు అవతలి పల్లెవారికి ఎప్పటివలెనే ఉన్నది. యంత్రం చెడితే ఇద్దరికీ చెడాలి గదా! కుర్రవాడు దొంగ అయితే ఒక పల్లెనే ఎందుకు దోచుకుంటాడు? అయినా అనుమానం ఉండగూడదని పాత గెర్బర్ పద్ధతిలోనే సభ్యుల ఎదుట పరీక్ష చేయించాము. పది మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు వేసి, గొట్టాలు తిప్పి చూపించాము. యంత్రం చెప్పినదే గొట్టమూ చెప్పింది. పాలలో వెన్న నిజంగానే లేదు.

తేడా ఎక్కడిదంటే, రోడ్డు మీది పల్లెకు ఫ్యాక్టరీ ట్రాక్టరు వస్తుంది. వాగు అవతలికి రాదు. రోడ్డు పల్లెవారు గంపలకొద్దీ తొక్క వేస్తున్నారు. పశువు తీపి మరిగి వరిగడ్డి ముట్టడం మానేసింది. పైగా పాలు పూటకు గ్లాసెడు ఎక్కువే ఇస్తున్నాయని అందరూ సంతోషంగానే ఉన్నారు. గ్లాసెడు పెరిగి వెన్న పడితే చేతికి వచ్చే డబ్బు తగ్గుతుందని పట్టీలు వచ్చినప్పుడు గాని తెలియలేదు.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే పశువు పొట్టలోకి కొంచెం తొంగి చూడాలి. నెమరు వేసే పశువుకు పొట్ట నాలుగు గదులు. మొదటిది అన్నిటికన్నా పెద్దది, పెద్ద ఆవులో నూరు లీటర్లు దాటి పడుతుంది. అది పొట్ట అనుకోవడం కంటె కల్లు పులిసే కుండ అనుకుంటే బాగా అర్థమవుతుంది. అందులోని రసం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు తక్కువగాకుండా సూక్ష్మజీవులుంటాయి. వీటిని వేరుచేసి పెంచే పద్ధతులు కనిపెట్టి, 1966లో దీనిపై పెద్ద గ్రంథమే రాసిన శాస్త్రజ్ఞుడు అమెరికా దేశపు రాబర్ట్ హంగేట్. గడ్డిని అరిగించేది పశువు కాదు, ఈ జీవులు. మనం మేపేది వాటిని. అవి పశువును మేపుతాయి.

ఈ జీవులు మేతను పులియబెట్టి మూడు ముఖ్యమైన ఆమ్లాలు తయారుచేస్తాయి. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్. గడ్డి పీచు నుండి ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది, పొదుగులో వెన్న తయారీకి ముఖ్యమైన ముడిసరుకు అదే. తీపి, పిండి ఎక్కువైతే పులుపు తొందరగా పెరిగి, మొండి ఆమ్లమైన లాక్టిక్ ఆమ్లం పోగుపడుతుంది. దీనికి విరుగుడు పశువు నోట్లోనే ఉన్నది. పెద్ద ఆవు రోజుకు నూరు లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది, అందులో తినే సోడా వంటి క్షారం ఉంటుంది. అయితే ఆ లాలాజలం ఊరేది నెమరు వేసినప్పుడు, నెమరు వచ్చేది గరుకైన గడ్డి పొట్టలో ఉన్నప్పుడు. తొక్క మెత్తనిది, నమలవలసిన పని లేదు. గడ్డి తగ్గింది, నెమరు తగ్గింది, లాలాజలం తగ్గింది, పులుపు పెరిగింది, పీచును అరిగించే జీవులు ముందుగా చచ్చాయి, వెన్న పడిపోయింది. కుర్రవాడి మీద పడిన నింద వెనుక ఉన్న కథ ఇదంతా.

గంపను రోజుకు నాలుగైదు కిలోలకు తగ్గించి, వరిగడ్డి ముందు వేసి తరువాత తొక్క వేయించాము. మూడు వారాలు దాటేసరికి వెన్న ఎప్పటి స్థాయికి వచ్చింది. అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్లు సభ్యులే తీర్మానం రాశారు. తీర్మానంలో టెస్టరుకు క్షమాపణ మాట కూడా ఉండాలని మేము పట్టుబట్టాము. కొందరికి నచ్చలేదు, అయినా రాయించాము.

అంత మాత్రాన తొక్క చెడ్డదని మీరు ఇంటికి వెళ్ళి చెప్పవద్దు. సరిగ్గా వాడితే పశువు పొట్టకు మేలు చేసే గుణం కూడా అందులోనే ఉంది. పండ్ల తొక్కలలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. జామ్ గడ్డకట్టడానికి వాడేది అదే. దాన్ని బత్తాయి, నిమ్మ జాతి తొక్కల నుండి, ఆపిల్ పిప్పి నుండి ఫ్యాక్టరీలలో తీస్తారు. ఈ పెక్టిన్ పొట్టలో త్వరగానే పులుస్తుంది, అంటే దాణాలోని పిండివలె శక్తినిస్తుంది. కాని పిండివలె లాక్టిక్ ఆమ్లాన్ని పోగువేయదు, గడ్డివలె ఎసిటిక్ ఆమ్లాన్ని ఎక్కువగా ఇస్తుంది. ఇంకొక విశేషం, పొట్టలో పులుపు మరీ పెరిగితే పెక్టిన్ పులియడం తనంతట తాను మందగిస్తుంది. పిండికి ఆ బుద్ధి లేదు. అందుచేతనే అమెరికాలోని ఫ్లోరిడాలో నారింజ రసం తీసిన పిప్పిని సున్నం కలిపి, పిండి, ఎండబెట్టి పాడి పశువులకు మేపడం చాలా కాలంగా ఉంది. బ్రెజిల్ దేశం నారింజ పిప్పిని గుళికలుగా చేసి ఓడలలో ఐరోపాకు పంపుతున్నది. వారు దాన్ని వ్యర్థమనడం లేదు, దాణా అంటున్నారు.

మామిడి తొక్కలోనూ పెక్టిన్ బాగానే ఉంది. కాని దానితోబాటు గుజ్జు అంటుకొని చక్కెర కూడా ఉంది. మేలు చేసేదీ, కీడు చేసేదీ ఒకే తొక్కలో ఉన్నాయి. కొద్దిగా వేస్తే పెక్టిన్ మేలు చేస్తుంది. గంపెడు వేస్తే చక్కెర కీడు చేస్తుంది. అది ఎంత కీడో చెప్పడానికి ఇంకొక సంగతి చెప్పక తప్పదు.

వేరొక సంఘంలో ఒక ముసలమ్మకు ఎనుము ఒకటే ఆధారం. సంఘం పూచీపై తెచ్చిన ఋణం ఇంకా సగం మిగిలి ఉంది. ట్రాక్టరు తొక్క సాయంత్రం ఇంటి ముందు కుమ్మరించిపోయింది. రాత్రి పలుపు తెంపుకొని ఎనుము ఆ కుప్ప మీద పడింది. ఎండాకాలపు రాత్రి, కుప్ప అప్పటికే పులిసి కల్లు వాసన కొడుతున్నది. తెల్లవారేసరికి నెమరు లేదు. కడుపు ఎడమ పక్క నీళ్ళ సంచిలా కదులుతున్నది. పుల్లని వాసనతో నీళ్ళ పారుడు, తూలి తూలి నడక. మధ్యాహ్నానికి పడిపోయింది. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైంది, రెండో రోజు పోయింది. “ఇష్టంగా తింటా ఉంటే ఎనుమును ఎట్ల లాగేది నాయనా, నేను లేసేసరికే సగం కుప్ప లేదు” అని ఆమె మాతో అన్నది. బీమా ఉంది. కాని చెవి ట్యాగు ఊడిపోయి నెలలైనా తిరిగి వేయించలేదు. ట్యాగు లేనిదే ఆ పశువే ఇదని రుజువు చేయడం కష్టం. డబ్బు అందలేదు. కార్యదర్శులారా, మీ సంఘాలలో ఊడిన ట్యాగులు ఎన్ని ఉన్నాయో ఈ వారంలోనే లెక్క తీయండి. ఇది మా అంశం కాదు గాని, చెప్పకుండా ఉండలేము.

ఇటువంటి సందర్భంలో ఇంట్లో చేయవలసినది, చేయకూడనిది కూడా తెలిసి ఉండాలి. మిగిలిన తొక్కను వెంటనే దూరం చేయండి, దాణా ఆపండి, ఎండుగడ్డి మాత్రం ముందు పెట్టండి, డాక్టరుకు కబురు చేయండి. తినే సోడా ఇవ్వడం ఉన్నది గాని, ఎంత, ఎలా అన్నది డాక్టరే చెప్పాలి. పడిపోయిన పశువు తల ఎత్తి గొట్టంతో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తులలోకి పోయి, తొక్క చంపకపోయినా ఆ నీళ్ళు చంపుతాయి. బతికిన పశువుకు కొన్ని వారాల తరువాత గిట్టలు వాచి కుంటవచ్చు. దాని మూలం కూడా ఈ పులుపే.

2025 వేసవి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు అని నిర్ణయించిన సంవత్సరం. ఫ్యాక్టరీ ముందు రోజుల తరబడి నిలిచిన బండ్లలో కాయ మెత్తబడిపోయింది. అటువంటి పండ్లను పారబోయడానికి మనసొప్పక పశువులకు వేసినవారున్నారు. తొక్క కన్నా పండు మరీ ప్రమాదం, చక్కెర ఎక్కువ, పైగా టెంక ఉన్నది. టెంక గొంతుకు అడ్డం పడితే పశువు తేన్పు బయటికి రాక గంటల్లో ఉబ్బిపోతుంది. కాబట్టి టెంక ఉన్న పండు పశువు ముందు పెట్టరాదు. ఫ్యాక్టరీ నుండి తెచ్చే తొక్కలోనూ టెంకలు ఏరి పారవేయాలి.

టెంక లోపలి జీడిని మాత్రం విడిగా చెప్పుకోవాలి. అందులో పిండి, కొంత నూనె ఉన్నాయి. ఎండబెట్టి పొడిచేసి దాణాలో కలిపే పద్ధతి మన దేశంలో పాతదే. వగరు పదార్థమైన టానిన్ ఎక్కువ గనుక పశువు ఇష్టపడదు, అతిగా వేస్తే దాణాలోని మాంసకృత్తులను పట్టుకొని ఒంటబట్టనివ్వదు. నానబెట్టి నీళ్ళు పారబోస్తే వగరు కొంత తగ్గుతుంది. ఇంటి దగ్గర చేసుకునేంత సులువైన పని కాదని మా అభిప్రాయం.

ఇక ఎంత వేయాలి? పచ్చి తొక్కలో నూటికి ఎనభై పాళ్ళు నీరే. ఐదు కిలోల తొక్క అంటే ఒక్క కిలో ఎండు పదార్థం. నాలుగు వందల కిలోల బరువు గల పశువు రోజుకు సుమారు పది కిలోల ఎండు పదార్థం తింటుంది. అందులో పదో వంతు తొక్క రూపంలో ఉంటే పొట్టకు బెదురు లేదు. అది కూడా మొదటి రోజే కాదు. పొట్టలోని జీవులు కొత్త మేతకు అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం కిలో, రెండో వారం రెండు మూడు కిలోలు, ఆ పైన ఐదు. రోజుకు రెండు పూటలుగా, గడ్డి మేసిన తరువాత. ఏ రోజు తొక్క ఆ రోజే. తొక్కలో మాంసకృత్తులు చాలా తక్కువ, వరిగడ్డిలోనూ అంతే. రెండు బీదలు కలిస్తే ధనవంతుడు కాదు గదా! వేరుశనగ చెక్కో, పత్తిగింజల చెక్కో, పచ్చి అలసందో, లూసర్నో తప్పక ఉండాలి. ఖనిజ లవణ మిశ్రమం మానరాదు. మూడు నెలలు దాటని దూడకు తొక్క చూపించవద్దు. దానికి ఇంకా మొదటి పొట్ట తయారు కాలేదు, పారుడు పట్టుకుంటుంది.

మామిడి కాలం రెండు మూడు నెలలు. తొక్క కావలసింది ఆ తరువాత. అందుచేత పాతర వేయడం మంచిది. తొక్కను ఒంటిగా పాతరవేస్తే నీరు కారి కుళ్ళుతుంది. ఎండుగడ్డి నరికి కలపాలి. లెక్క సులువు. నూరు కిలోల తొక్కలో నీరు 80 కిలోలు. పాతిక కిలోల వరిగడ్డిలో నీరు రెండున్నర కిలోలు. కలిపితే నూట పాతిక కిలోలలో నీరు ఎనభై రెండున్నర, అంటే నూటికి 66 పాళ్ళు. పాతర మేతకు కావలసిన తడి అదే. నాలుగు పాళ్ళు తొక్క, ఒక పాలు గడ్డి అని గుర్తుంచుకుంటే చాలు. బెల్లం నీళ్ళు కలపవలసిన పని లేదు, తీపి తొక్కలోనే ఉంది. యూరియా మీ అంతట మీరు కలపవద్దు.

గడ్డిని అంగుళం ముక్కలుగా నరికి, తొక్కతో పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరా గాలి లేకుండా తొక్కి, పైన పాలిథిన్ కప్పి, మట్టి వేసి నలభై ఐదు రోజులు కదపరాదు. బాగా తొక్కితే మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గుంటలో సుమారు అర టన్ను పడుతుంది. పశువుకు రోజుకు ఆరు కిలోల చొప్పున ఎనభై రోజులు వస్తుంది. కాని ఒకే పశువు ఉన్నవారు గుంట జోలికి పోవద్దని మా సలహా. రోజూ తెరిస్తే గాలి తగిలి మిగిలినది బూజు పడుతుంది. వారికి రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము మేలు. నూరు కిలోలు పడుతుంది, పదహారు రోజులకు ఒకటి ఖాళీ అవుతుంది. పాతరలో చక్కెర చాలా వరకు లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది, పచ్చి కుప్పలో ఉన్నంత ప్రమాదం ఉండదు. మాగిన మేత పసుపు గోధుమ రంగులో, పుల్లని మంచి వాసనతో ఉంటుంది. పాలు పిండిన తరువాతే వేయాలి. ముందు వేస్తే వాసన పాలకు అంటుతుంది, కేంద్రంలో తిప్పి పంపుతారు.

నల్లగా, తెల్లగా, పచ్చగా బూజు కనబడిన భాగం ఒక్క పిడికెడైనా వేయరాదు. ఇక్కడ ఆగి కొంచెం గట్టిగా చెబుతాము. బూజులలో ఒక జాతి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. తడిసిన వేరుశనగ చెక్క, తడిసిన గడ్డి దానికి ముఖ్య స్థానాలు. పశువు తిన్న మరునాటికల్లా దాని రూపాంతరం పాలలోకి దిగుతుంది. ఎంత మరిగించినా పోదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో అర మైక్రోగ్రాముకు మించి ఉండరాదు, అంటే గ్రాములో పది లక్షలవ వంతులో సగం. ఒక ఇంటి పాలు ట్యాంకరులో కలిస్తే ఊరందరి పాలూ అనుమానంలో పడతాయి.

తక్కిన పండ్ల సంగతి క్లుప్తంగా. అనంతపురం, నల్లగొండ ప్రాంతాల బత్తాయి పిప్పి మామిడి తొక్కకంటె మంచి మేత, చేదు వల్ల పశువు మొదట మూతి తిప్పుతుంది, వారంలో అలవాటవుతుంది. మదనపల్లె వైపు టమాటా పిప్పి దొరికితే వదలవద్దు, గింజల వల్ల అందులో మాంసకృత్తులు బాగా ఉన్నాయి, ఎండు లెక్కన నూటికి ఇరవై పాళ్ళ దాకా. ద్రాక్ష పిప్పిలో వగరు ఎక్కువ. అనాస వ్యర్థాన్ని పాతర వేసే పద్ధతిని బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ వారు తయారుచేశారు.

మహిళా సభ్యులు ఉదయం ఒక ప్రశ్న అడిగారు. పశువు పొట్టకు మంచిదైతే మన పొట్టకు మంచిది కాదా అని. మంచి ప్రశ్న. పశువుకు ముందు పొట్టలో జరిగే పని మనకు చివర పెద్దపేగులో జరుగుతుంది. మనం అరిగించుకోలేని పీచు, పెక్టిన్ అక్కడికి చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి అవే మూడు ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో బ్యుటిరిక్ ఆమ్లం పెద్దపేగు లోపలి పొరకు ఆహారం. 2018లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారు మలబద్ధకం గల 36 మందిపై నాలుగు వారాలు పరీక్ష చేశారు. కొందరికి రోజుకు 300 గ్రాముల మామిడిపండు, కొందరికి అంతే పీచు గల పొడి ఇచ్చారు. ఇద్దరికీ గుణం కనిపించింది, పండు తిన్నవారికి ఎక్కువ. అయితే అది పండు గుజ్జు, తొక్క కాదు. ముప్పై ఆరు మందితో లోకానికంతా శాసనం రాయలేము. తొక్క పొడిని బిస్కెట్లలోనూ రొట్టెలలోనూ కలిపి చూసే పరిశోధనలు చాలా చోట్ల సాగుతున్నాయి. మందుగా అమ్మడానికి ఎవరైనా మీ ఊరికి వస్తే పర్సు తీయవద్దు. పచ్చి మామిడికాయను తొక్కతోనే పప్పులో వేయడం, ఆవకాయలో తొక్కా టెంకా వదలకపోవడం మన ఇళ్ళలో ఉన్నదే. బత్తాయి తొనలపై తెల్లని పొరను గీకి పారవేయకుండా తినండి, ఖర్చులేని పని. చంటిపిల్లలకు, పేగు జబ్బుతో మందు వాడుతున్నవారికి మాత్రం డాక్టరును అడగనిదే కొత్త ప్రయోగం వద్దు.

ఇక మా అసలు పనికి వస్తాము. నిరుడు వరకు తొక్కను తీసుకుపోతే చాలు అని బతిమిలాడిన ఫ్యాక్టరీవారు, నాలుగు సంఘాలు అడిగేసరికి ధర చెప్పడం మొదలుపెట్టారు. ఇది సహజమే. కాని కొనేటప్పుడు ఒక లెక్క మరచిపోవద్దు. టన్ను తొక్కలో మేత రెండు వందల కిలోలే, ఎనిమిది వందల కిలోలు నీళ్ళు. కిలో రూపాయికి కొంటే ఎండు మేత కిలో ఐదు రూపాయలకు కొన్నట్లు. దానిపై ట్రాక్టరు బాడుగ వేసుకోండి. మీ ఊళ్ళో గడ్డి, దాణా ధరతో పోల్చి చూసి, కిట్టకపోతే వదలివేయండి. నీరు ఓడ్చిన తరువాతి తూకమే ఒప్పుకోవాలి. టెంకలు వేరుచేసి ఇవ్వాలని, ఏ రోజు తొక్క ఆ రోజే ఇవ్వాలని, యంత్రాలు కడిగిన కాస్టిక్ సోడా నీళ్ళు తొక్కపై పడరాదని ఒప్పంద పత్రంలో రాయించండి. మాట మీద నమ్మకం మంచిదే, కాగితం ఇంకా మంచిది.

పంపకం దగ్గర మేము చాలా సంఘాలలో ఒకే తప్పు చూశాము. సంఘం పేర వచ్చిన తొక్క సొంత ట్రాక్టరు ఉన్న ఇద్దరు ముగ్గురి దొడ్లకు చేరుతుంది. ఒక్క పశువు ఉన్నవారికి మూడో రోజు కుళ్ళినది అందుతుంది. పోసిన పాలను బట్టి పంచుదామని పెద్ద రైతులు అంటారు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా అభిప్రాయం వేరు. పాలిచ్చే పశువుకు ఐదు కిలోల చొప్పున, ఇంటికి ఇంత అని పై హద్దు పెట్టి, పశువుల జాబితా గోడకు అంటించి పంచండి. ఐదు కిలోలు అనేది పశువు పొట్టే పెట్టిన హద్దు గనుక అంతకు మించి ఎవరికీ అవసరం లేదు. కార్యవర్గ తీర్మానం, తూకం చీటీ, పంపిణీ రిజిస్టరు మూడూ ఉండాలి. మేము తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది అదే. తొక్క పంచడం మొదలుపెట్టిన రోజు నుండి ప్రతి సభ్యుని వెన్న శాతం పక్కన తొక్క వేస్తున్నారా లేదా అని ఒక గుర్తు పెట్టమని టెస్టర్లను కోరుతున్నాము. రేపు మీ మీద అర్జీ వస్తే ఆ గుర్తే మీకు సాక్షి.

మాటలు చాలు. ఈ శిక్షణ కేంద్రం వెనుక ఆవరణలో ఏభై రోజుల కిందట వేసిన గుంట ఒకటి, డ్రమ్ములు రెండు ఉన్నాయి. ఒక డ్రమ్ములో కావాలనే గడ్డి కలపకుండా తొక్క ఒక్కటే వేయించాము, తేడా మీ ముక్కులకే తెలియాలని. భోజనాల గంట కొట్టకముందే తెరుద్దాం, పదండి. ఆ డ్రమ్ము దగ్గర మాత్రం కొంచెం దూరంగా నిలబడండి.